సెకండ్స్ గుండ్లు

ఇవి నిఖార్సైన సెకండ్సేనా అని మునిశేఖర్ మళ్లీ మళ్లీ అడిగేసరికి యోగానంద మనసు నొచ్చుకుంది. తిరుపతిలో లైసెన్సున్న తుపాకుల దుకాణం ఆయనది. తాతల నాటి వ్యాపారం.

"ఫస్టు రకంలో మోసం ఉంటాదేమో గానీ సెకండ్స్‌లో యాడుంటాదప్పా? ఫ్యాక్టరీవోళ్లే వద్దని పక్కన పడేసిన సరుకు. అందుకే సగం ధర" అన్నాడు.

మునిశేఖర్ మొదటి రకం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సెకండ్స్ గుండ్లు ఒక పెట్టె కట్టించుకున్నాడు. పేలిన తూటాల తొడుగుల్లో మళ్లీ మందు నింపి, కొత్త గుండు బిగించుకునే లైసెన్సు వాళ్ల రైఫిల్ క్లబ్బుకు ఉంది. మందూ యంత్రమూ క్లబ్బువి. గుండ్లు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.

మునిశేఖర్ తడ చెక్‌పోస్టులో గుమాస్తా. భార్య అమల, చిన్న పాప పలమనేరులో ఉంటారు. ఇతనేమో రాష్ట్రం అంచున, లారీల పొగలో. మొన్న ఆదివారం ఇంటికి పోతే పాప ఎగాదిగా చూసి, ఈయన ఎప్పుడు పోతాడని తల్లిని అడిగింది. తిరుగు బస్సులో మునిశేఖర్ ఏడ్చాడు. పక్క సీటాయన దుమ్ము పడిందనుకుని కిటికీ మూశాడు.

ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది పెద్దసారు కృష్ణస్వామి. నిలువు నామం, మెత్తటి మాట. దారిలో చీమ కనిపిస్తే దాటుకుని పోతాడు గానీ, అట్ట మీద గీసిన గుండ్రాన్ని మాత్రం వదలడు. రైఫిల్ క్లబ్బుకు అధ్యక్షుడు ఆయనే. ఏటా పోటీకి కప్పు ఇచ్చేదీ ఆయనే, గెలిచి ఇంటికి పట్టుకుపోయేదీ ఆయనే. శాఖలో తుపాకీ పట్టడం వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ అందులో సభ్యులు. దేశభక్తి అనుకునేరు. ట్రాన్స్‌ఫర్ భక్తి.

మునిశేఖర్‌కు కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో అబ్బిన గురి ఉంది. ఆ సంగతి తెలిసిన రవిచంద్ర, ఆఫీసులో తోటి గుమాస్తా, ఇతన్ని పక్కకు పిలిచి చెప్పాడు.

"సారు ఏమన్నా మరిచిపోతాడు గానీ, పోటీలో తన పక్కన నిలబడినోణ్ణి మాత్రం మరిచిపోడబ్బా. పోయినేడు కుప్పయ్య రెండో స్థానం. నెల తిరక్కుండా ఐరాలకు వేసినారు. వాళ్లింటి ఎదురుగానే ఆఫీసు."

అంతే, మునిశేఖర్ పోటీకి పేరిచ్చాడు.

సెలవు రోజుల్లో ఇంట్లో కిటికీ దగ్గర చేరి గుండ్లు ఏరడమే పని. ఒక్కోదాన్ని వెలుతురులో తిప్పాడు. గీత ఉందా, మచ్చ ఉందా, ఎక్కడైనా మెరుపు తగ్గిందా అని కళ్లు చికిలించి చూశాడు. పనికొచ్చేవి ఒక డబ్బాలోకి, పనికిరానివి ఇంకో డబ్బాలోకి పోయాయి. సంతలో వంకాయలు కూడా ఇట్లా ఏరింది లేదే అని అమల నవ్వింది. పాప వచ్చి పక్కన కూర్చుంది. అది చాలనిపించింది మునిశేఖర్‌కు. ఈ పోటీ ఒక్కటి అనుకున్నట్టు జరిగితే రోజూ ఇట్లాగే కూర్చోవచ్చు.

పోటీ చిత్తూరు దగ్గర, కొండ వెనక క్లబ్బు మైదానంలో జరిగింది. షామియానా, కుర్చీలు, ఇడ్లీ పొంగలి. మునిశేఖర్‌కు సారు పక్క చోటే దొరికింది. మొదటి దెబ్బ నట్టనడిమికి పోయింది. రెండోదీ అంతే. ఆ తర్వాత ప్రతి తూటానూ వేళ్ల మధ్య తిప్పి చూసుకుని, ఇదైనా తన మాట వింటుందేమోనని వేడుకుంటూ తుపాకీలో పెట్టాడు. సారు మధ్యలో ఒకసారి ఇటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఫలితాలు చదివే పని రవిచంద్రకు అప్పగించారు. మొదటి స్థానం మునిశేఖర్ అని చెప్పేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించాడు. చప్పట్లు కొట్టొచ్చో లేదో తెలియక జనం కాసేపు ఆగారు. సారు కొట్టాక అందరూ కొట్టారు.

పోటీ చూడొచ్చిన యోగానంద మాత్రం దండ తెచ్చి మెడలో వేశాడు. "సూసినావా? మచ్చ అంతా పైపైనే. మెరుపు తగ్గితే సాలు, ఫ్యాక్టరీవోళ్లకు అది సెకండ్సే. పోవడం మాత్రం సూటిగానే పోతాది" అని నలుగురికీ వినబడేలా చెప్పాడు.

కృష్ణస్వామి కప్పు చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంత గురి ఉండేవాడు చెక్‌పోస్టులోనే ఉండాలప్పా. నువ్వు ఇంకో మూడేళ్లు తడలో ఉంటే నాకు ధైర్యం" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

మునిశేఖర్ కప్పు చంకలో పెట్టుకుని షామియానా వెనక్కి పోయేసరికి అమల ఫోన్ చేసింది. గెలిచినావా అంటే గెలిచినానన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"పొద్దన్నుంచీ నాకు దడదడగా ఉండాది. ఇల్లు ఊడ్చేటప్పుడు మంచం కింద డబ్బా కనపడె. నిగనిగలాడేవన్నీ దాంట్లోనే ఉండాయి. పొరపాటున మచ్చలవి తీసుకుపోయినావా?"

"పొరపాటు కాదు అమలా" అన్నాడు.

సారు కంటే ఒక్క మెట్టు కింద నిలబడి ఇల్లు చేరాలని, ఎంత సాధన చేసినా గురి తప్పడం రాని తన చేతిని నమ్ముకోలేక, మచ్చ పడ్డ గుండ్లనే ఏరి ఏరి పట్టుకెళ్లాడు మునిశేఖర్.