లోపల ఇంకా ఎవరున్నారు

మా మనవరాలు లిడియా బొగ్గుబాయిల డేటాబేసు చూస్తుంది. ఆ డేటాబేసు, దిగేవాళ్లకు దీపాలిచ్చే ప్రతి బాయి ల్యాంపురూములో ఉన్న వెబ్ సర్వీసును తానే పిలిచి, లోపల ఇంకా ఎవరున్నారని అడుగుతుంది. వచ్చిన జవాబులోంచి పేర్లు ఏరుకుంటుంది. పైకొచ్చి దీపం తిరిగి ఇచ్చిన మనిషి పేరు జవాబులో ఉండదు.

ఏళ్ల కింద బాయిని నీళ్లు ముంచిన రోజు మా ఆయన ఫిలిప్ దీపం తిరిగి రాలేదు. తర్వాత ఆ బాయిని మూసేశారు.

ఒకరోజు చీకటిపడ్డాక, వీధి కుక్కలు ఒకటే మొరుగుతుండగా, లిడియా ఆ బాయినీ పిలిచి చూసింది. ఇప్పుడు అక్కడ ల్యాంపురూమే లేదు. జవాబు రానప్పుడు డేటాబేసు ఏం చేస్తుందో చూద్దామని పిలిచింది.

జవాబు వచ్చింది. అందులో ఒకటే పేరు, ఫిలిప్.

"ఏదో పాతది పట్టుకొచ్చింది అమ్మమ్మా. పరేషాన్ గాకు, తీసేస్త."

"తియ్యకు బిడ్డా. జర మళ్లొక్కసారి పిలువు."

"గది మిషిను. పిలిస్తె పలుకుతదా?"

"మీ తాత గూడ ఒక్క పిలుపుకు ఎన్నడు పలుకలే. పిలువు."

పిలిచింది. ఈసారి జవాబులో పేరేమీ లేదు.

"చూసినవా, లోపల ఎవ్వరు లేరు" అని లిడియా ఊపిరి పీల్చుకుంది.

లోపల లేడంటే దీపం ఇచ్చేశాడన్నమాట. బాయి నుంచి మా ఇల్లు నడిచి వచ్చేంత దూరమే. తలుపు గొళ్లెం తీసి, ఆయన మసి కడుక్కోవడానికి ఎప్పటిలా పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

అవి కాగకముందే కుక్కలు మొరగడం మానేశాయి.