ఏ రోజు పెరుగు?

నా మీద మోపిన అభియోగం ఇది: నిన్న సాయంత్రం ఈ హాస్టల్ పాలకు నేను తోడు వేశానట. వేశాను. వంటచేసే సోమమ్మ జ్వరంతో పడుకుంది, కాచిన పాలు చల్లారిపోతున్నాయి, చెంచా నా చేతికందింది.

ఈ పొద్దున మన యజమానురాలు ఆ పెరుగు గిన్నెను తోటి అమ్మాయిలైన మీ అందరి ఎదుటే మురుగు మోరీలో కుమ్మరించారు. “ఊరవతలి మీ వాడ పిల్ల చెయ్యి పడ్డ పెరుగు ఎవరు తింటరు? సామాన్లు సదురుకో, రేపటికి రూము ఖాళీ కావాలె” అన్నారు. అంటూనే మొన్నటి పెరుగు చిలికిన మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

ఇంత మడి పాటించే మనిషి తన గ్లాసులోకి వచ్చింది ఎక్కడిదో ఏనాడూ అడగలేదంటే, ఆ మడి ఎంత చౌకదో చూడండి. అందుకే నేను అడిగాను. “సోమక్కా, మన తోడు ఎక్కడిది?”

జ్వరం మీదే లేచి వచ్చిన సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “దసరా సెలవులల్ల మన తోడు ఖరాబైంది గదమ్మా. ఈ పిల్ల వాళ్లూరు చిలుకూరు కెల్లి వాళ్లమ్మ తోడేసిన పెరుగు డబ్బ తెస్తే, ఒక్క చెంచా అడుక్కున్న. గప్పటి సంది రోజూ గదే తోడు.”

గ్లాసు మేడమ్ పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మీరూ తిన్నారు, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. కాబట్టి నన్ను పంపేముందు ఒక్కటి తేల్చండి: దసరా నుంచి తిన్నదంతా ఏ మోరీలో పోస్తారు? తేల్చలేనివాళ్లు లేవండి. ఇవాళ్టి పాలు తెచ్చి నా ముందు పెట్టండి.