రాత్రి నాడి

ఉదయం ఆమె నాన్న గది తలుపు తీసేసరికి, రాత్రిపూట ఆయన్ను చూసుకునే మనిషి కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు.

"బాగుందండీ! మిమ్మల్ని పెట్టుకుంది నిద్రపోవడానికా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "ఇప్పుడేనమ్మా, కన్ను మూతపడింది."

"రోజూ నేను వచ్చే ముందే పడుతుందేం?"

"నా గురక వింటూ వాడికి నిద్రెలా పడుతుందే?" మంచం మీంచి నాన్న అన్నాడు. "నువ్వొకసారి పడుకుని చూడు, తెలుస్తుంది."

ఆమెకు నవ్వు రాలేదు. నాన్న కిడ్నీలు పాడయ్యాయి. తెల్లవారుజామున ఆయాసం వస్తే వెంటనే లేపి కూర్చోబెట్టాలి. ఆ ఒక్క పనికే ఈ మనిషి.

సాయంత్రం డాక్టరు ఆమె ఫోనులో గీతలు చూశాడు. నాన్న మణికట్టుకు కట్టిన పట్టీ రాత్రుళ్ళు పంపే గుండె వేగం అది.

"నిద్రలో ఎవరికైనా గుండె నెమ్మదిస్తుందమ్మా. మీ నాన్నగారిది నెమ్మదించట్లేదు. కిడ్నీ జబ్బులో ఇది మంచిది కాదు. రాత్రి సరిగా చూసుకుంటున్నారా?"

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది.

ఇంటికి రాగానే చెప్పేసింది. "రేపటినుంచి మీరు రావద్దు."

నాన్న ఏదో అనబోయాడు. కూతురి ముఖం చూసి గోడవైపు తిరిగాడు.

అతను గడప దగ్గర ఆగాడు. "కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పండమ్మా. ఆయాసం వచ్చే ముందు పెద్దాయన దుప్పటి లాగుతారు. పిలవరు."

"మాకు తెలుసులెండి."

కొత్త మనిషి వచ్చాడు. కుర్రవాడు, బలంగా ఉన్నాడు. మొదటి రాత్రి నుంచే గీతలు చక్కగా కిందికి దిగాయి.

"చూశారా! మనిషిని మార్చాక ఎంత తేడా ఉందో?" డాక్టరు సంతోషించాడు.

ఆమె చాలా రోజులకు హాయిగా పడుకుంది. ఒకసారి మెలకువ వస్తే ఫోను చూసింది. నాన్న గుండె నెమ్మదిగా, నిలకడగా కొట్టుకుంటోంది. అటు తిరిగి పడుకుంది.

ఉదయం నాన్న చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. దుప్పటి సగం నేలమీద ఉంది. అప్పటికి చాలాసేపయి ఉంటుందన్నాడు డాక్టరు.

ఫోనులో నాన్న గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

ఆమె చూపు కొత్త మనిషి చేతి మీద పడింది. పట్టీ అక్కడుంది.

"పెద్దాయనే రాత్రుళ్ళు నన్ను కట్టుకోమన్నారమ్మా." అతను పట్టీ విప్పబోయాడు. "ఒళ్ళంతా దురద, అది తగిల్తే భరించలేనన్నారు. మీకు తెలిస్తే తిడతారని చెప్పొద్దన్నారు. ముందున్నాయన కూడా మొదటినుంచీ కట్టుకునేవాడట."

ఆమె ఫోనులో పాత గీతలు తీసింది.

ఏ రాత్రీ నెమ్మదించని ఆ గుండె, నిద్రపోతున్నాడని తను పంపేసిన మనిషిది.