మతం అడగని సంస్థ

అధ్యక్షుడి ప్రార్థన ఇంకా అవలేదు.

మందుల షాపావిడ ఒక కన్ను తెరిచి చూసింది. తన వంతు ప్రార్థన ఆవిడ రెండు ముక్కల్లో ముగించింది. రిటైరైన లెక్కల మాస్టారు తన వంతు కానిచ్చి కునుకు తీస్తున్నాడు. అధ్యక్షుడు మాత్రం ఆగడం లేదు. ఊళ్ళో పెద్ద ఫర్నిచర్ షాపు ఆయనది. తను చేసిన మంచి పనులన్నీ దేవుడికి ఒక్కొక్కటే గుర్తుచేస్తున్నాడు, ఆయనేదో మర్చిపోయినట్టు.

ముగ్గురివీ మూడు మతాలు. కాబట్టి మీటింగుకి ముందు మూడు ప్రార్థనలు. సాయం అడగడానికి వచ్చినవాళ్ళు అంతసేపూ వరండాలో నిలబడాలి. గోడకి మూడు మతాల గుర్తులు టేపుతో కొలిచి మరీ ఒకే ఎత్తులో తగిలించారు. మధ్యలో ఎవరిది ఉండాలన్న తగువు తెగక, నెలకోసారి చోట్లు మారుస్తుంటారు. వాటి కింద పెద్ద అక్షరాల్లో ఒక బోర్డు: 'ఇక్కడ మతం అడగం.'

నిజమే. మతం ఒక్కటి తప్ప అన్నీ అడుగుతారు.

నీడ లేనివాళ్ళ కోసం మేడ మీద గదులున్నాయి. గది ఇచ్చే ముందు బంధువుల విచారణ జరగాలి. అది అధ్యక్షుడు పెట్టిన రూలు. బంధువుల ఇంటికి ఆయనే స్వయంగా వెళ్తాడు. గేటు దగ్గరే నిలబడి, ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకునేదాకా గొంతు పెంచి మానవత్వం మీద ఉపన్యాసం ఇస్తాడు. తిరిగొచ్చాక టీ తాగుతూ ఆ ముచ్చటంతా మళ్ళీ చెప్తాడు. విచారణ మాట వినగానే వచ్చినవాళ్ళలో సగంమంది, గదీ వద్దు గిదీ వద్దని వెళ్ళిపోతారు. అందుకే గదులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి.

ఆవేళ వచ్చింది ఒక్క మనిషే. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. భర్త వ్యాను నడిపేవాడు, పోయినేడు పోయాడు. ఉంటున్న ఇల్లు ఎవరో కొనుక్కుని, పొద్దున్నే సామాను మెట్ల మీద పెట్టించారు. ఒళ్ళు కాలిపోతున్న కూతురు ఆ సామాను పక్కనే కూర్చుని ఉంది. నేల చూపులు చూస్తూ ఇదంతా చెప్పింది.

నీకు నా అనేవాళ్ళు ఎవరూ లేరా అని మాస్టారు అడిగాడు.

"ఒక అన్నయ్య ఉన్నాడండీ."

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. దాతలు వచ్చే వేళయిందన్నాడు. ఫొటోగ్రాఫరు కింద కాచుకుని ఉన్నాడన్నాడు. అన్న ఉన్న మనిషికి గది ఇవ్వడం కుదరదనీ, ఇక వెళ్ళవచ్చనీ గోడకేసి చెప్పాడు.

మందుల షాపావిడకి ఒళ్ళు మండింది. ఫొటోకి దాచుకున్న ముఖం పేదవాళ్ళకి చూపిస్తే అరిగిపోతుంది కాబోలు.

"మరి ఆ అన్నయ్య దగ్గరికి వెళ్ళలేదా అమ్మా?"

"మా ఆయన మతం వేరమ్మా. పెళ్ళయిన రోజే అన్నయ్య నన్ను గడప తొక్కొద్దన్నాడు. మొన్న గతిలేక వెళ్ళాను. తన కూతురికి సంబంధాలు చూస్తున్నారట, ఈ చుట్టుపక్కల కనపడొద్దన్నాడు."

"వాడూ ఒక మనిషేనా? నా షాపుకొస్తే తలనొప్పి బిళ్ళ కూడా ఇవ్వను. ఏమంటారు అధ్యక్షులుగారూ?"

తప్పేనన్నాడాయన. అలాంటివాళ్ళ వల్లే లోకం ఇలా తగలడిందని కూడా అన్నాడు, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. మామూలుగా అయితే ఇలాంటి కథ దొరికినందుకు ఈపాటికి ఆయన చెప్పులేసుకుని గుమ్మం దిగాల్సింది. దాతల మోజు ఎంత పని చేయిస్తుందో అనుకుందావిడ.

"ఆయన వెళ్ళకపోతే నేను వెళ్తాను. మీ అన్న పేరు చెప్పు."

"వద్దమ్మా. పరువున్న మనిషి. నలుగురూ నమస్కారం పెడతారు."

"ఆ నలుగురి ముందే అడుగుతాను."

మాస్టారికి ఎన్నడూ లేని హుషారు వచ్చింది. పేరు చెప్పకపోయినా ఫరవాలేదన్నాడు. పుట్టి పెరిగిన వీధి ఏదో చెప్తే చాలు, స్కూటరు మీద వెళ్ళి అరగంటలో ఆచూకీ తీస్తానన్నాడు. లేచి జేబులు తడుముకున్నాడు కూడా.

అధ్యక్షుడు ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. సొరుగు లాగి గది తాళంచెవి తీశాడు.

"కూర్చోండి మాస్టారూ. ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దు. మనది మతం అడగని సంస్థ. అన్న చేసిన పాపానికి ఈవిణ్ణి వీధిలో నిలబెడతామా? ఆ రూలు పెట్టింది నేనే, తీసేస్తున్నదీ నేనే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద ఫొటోగ్రాఫరు రెండోసారి పిలిచినా పట్టించుకోలేదు.

మందుల షాపావిడ తల దించుకుంది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని మనసులో ఎన్ని మాటలంది. ఎంత డాంబికం ఉన్నా లోపల ఎక్కడో కాస్త తడి ఉందన్నమాట. బయటికి వెళ్ళేటప్పుడు క్షమాపణ అడగాలనుకుంది.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న ఇస్త్రీ ఆవిడ, తాళంచెవి అందుకుంటూ అధ్యక్షుడి ముఖంలోకి చూసి, మెల్లగా అడిగింది: "అమ్మ ఎలా ఉంది అన్నయ్యా?"