తోడుగా ఓ తేలు

జానీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, పడుకున్న ముసలాయన కుడిచెయ్యి తిప్పి చూశాడు. మోచేతి కింద పచ్చగా, పెద్ద అక్షరాలతో ఒక పేరు: హనుమాయమ్మ.

"దాని జాడ కూడా మిగలకూడదు," అంది మంచం అవతల నిలబడ్డ ముసలామె.

నరసరావుపేటలో టాటూ షాపు పెట్టాక జానీ ఎన్నో పాత పేర్లను కొత్త బొమ్మలేసి కప్పాడు. మంచాన పడ్డ మనిషికి ఇంటికొచ్చి కప్పడం ఇదే మొదలు. ముసలాయన కన్నయ్యకు కుడిపక్క చచ్చుబడి ఆర్నెల్లు. మాటా పడిపోయింది. వారం గడిస్తే గొప్పేనన్నాడట డాక్టరు.

"ఇప్పుడెందుకమ్మా?"

"పోయేటప్పుడు వెంట పోయేది పచ్చబొట్టొక్కటేనయ్యా. ఆ పేరుతో పోతే వచ్చే జన్మలోనూ ఆమె దగ్గరికే చేరతాడు. చేరనిస్తానా?"

"ఎవరమ్మా ఈవిడ?"

"ఓ పిచ్చిది. కోటప్పకొండ తిరణాళ్లలో తన పేరు పొడిపించుకున్నాడని చానా మురిసిపోయింది." ఆమె గొంతు బిరుసెక్కింది. "ఈ చెయ్యి నా మీదికి లేచినప్పుడల్లా ముందు ఆ పేరే కనపడేది. నలభై ఏళ్లు చూశా."

జానీ ఫోన్లో డిజైన్లు చూపించాడు. గులాబీలు.

"పూలేందయ్యా, ఈయనకి?"

త్రిశూలం.

"వద్దు. శివయ్యని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటాడు."

నెమలి దగ్గర నవ్వింది. తేలు దగ్గర ఆగింది.

"ఇదెయ్యి. తోడుగా ఇది పోద్ది."

"ఆయన్నీ ఓ మాట అడగాలమ్మా."

"అడుగు."

జానీ వంగి అడిగాడు. కన్నయ్య ఆమె వైపే చూశాడు. కంట్లోంచి నీళ్లు జారాయి. చెవిలోకి పోకుండా ఆమె కొంగుతో విసురుగా తుడిచేసింది. కాసేపటికి ఆయన మెల్లగా తలూపాడు.

జానీ ఆ చేతికి నొప్పి తెలియనివ్వని మందు రాశాడు.

"దానికి స్పర్శ లేదయ్యా."

"తెలుసమ్మా," అంటూనే ఇంకాస్త రాశాడు.

రెండు గంటల్లో నల్లటి తేలు కొండి ఎత్తి నిలబడింది. దాని కింద ఒక్క అక్షరమూ మిగల్లేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని వెతికి మరీ చూసింది.

పని నచ్చిందని సంతకం తీసుకోవడం జానీ పద్ధతి. "ఆయన పెట్టలేరుగా. భార్యగా మీరు పెట్టండమ్మా," అని కాగితం ఇచ్చాడు.

ఆమె కాగితాన్ని మంచం పట్టె మీద ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది: హనుమాయమ్మ.