గురువుగారి దండం

కార్తీక సోమవారం, సాయంత్రం నాలుగున్నర. మా పెరట్లో నల్లపుంజు ఆత్మరక్షణకని కోళ్ళకీ, బాతుకీ జపాను వారి జూడో నేర్పుతోంది. ముందు వంగి దండం, ఆ తర్వాతే పట్టు. అది తాకీ తాకకముందే శిష్యుడైన బాతు మర్యాదకి వెల్లకిలా పడుతోంది.

"పిల్లి కూడా ఇలాగే పడుతుందాండీ?" అంది పిల్లలతల్లి ఎర్రపెట్ట.

"విద్య మీద భక్తి లేదమ్మా నీకు," అంది పుంజు.

అంతలో పిల్లి నిజంగానే కోడిపిల్లల మీదికొచ్చింది. పుంజు అడ్డంగా వెళ్ళి వంగి దండం పెట్టి, పిల్లి కూడా తిరిగి పెడుతుందని ఆగింది. పిల్లి దాని తోక పీకేసి ముందుకు దూకింది. ఎర్రపెట్ట ఎగిరి ముక్కు మీద పొడిచి దాన్ని తరిమేసింది.

"దండం పెట్టకుండా పొడిచావు. అది చెల్లదు," అంది పుంజు.

"పోనీండి, పిల్లలు దక్కారు."

మర్నాడు పొద్దున్న ఇంట్లోవాళ్ళు కోడిపిల్లలతోపాటు గురువుగారిని కూడా గంప కింద మూసి, ఎర్రపెట్టని బయట కాపలా వదిలారు.