జాజు గీత

1986 ఆగస్టు 14, సాయంత్రం నాలుగున్నరకు కురవి దగ్గర ఒక చెరువు కట్ట తెగింది. కట్ట కింది తండాలో తొమ్మిది మంది చనిపోయారు. ఎనిమిది మంది తండావాళ్లు. తొమ్మిదో మనిషి ఎవరో మొదట తెలియలేదు.

అతను నాలుగు రోజుల ముందు ఒకసారి వచ్చాడు. చేతిలో నోటుబుక్కు.

"మీకంటె ముందు ఇక్కడ ఎవరుండె అక్కా?" అని మొదటి ఇంటి గోరీని అడిగాడు.

"ఎవరుంటరు? తుమ్మలుండె. దొర కొట్టిచ్చి జాగ ఇచ్చిండు."

"మిట్ట మీద జాగ ఉండంగ కట్ట కిందనే ఎందుకిచ్చిండు?"

"పొలం దగ్గర. దొర పిలిస్తె ఇనవడాలె గద."

అతను రాసుకున్నాడు. తర్వాత ప్రతి గోడ మీదా ఛాతీ ఎత్తున ఎర్రమట్టి జాజుతో గీత గీశాడు.

"కట్ట తెగితే నీళ్లు గిందాక వస్తయి. వాన పట్టంగనే మిట్టెక్కుండ్రి."

"చెరువు నీ చెవుల చెప్పిందా?" గోరీ నవ్వింది.

మధ్యాహ్నం దొర మనిషి భిక్షపతి వచ్చాడు.

"వాడు సర్వేటోడు. గీతున్న ఇండ్లన్నీ పీకేస్తరు. ఇగ మీ ఇష్టం."

సాయంత్రానికి ఆడవాళ్లు గోడలన్నీ పేడతో అలికారు. మగవాళ్లు అతన్ని బస్సెక్కించి వచ్చారు.

మర్నాడు వాన మొదలైంది. మూడు రోజులు ఆగలేదు. ఎవరూ మిట్ట ఎక్కలేదు.

నీళ్లు తీశాక నిలిచింది గోరీ ఇంటి రాతిగోడ ఒక్కటే. పేడ కొట్టుకుపోయి జాజు గీత బయటపడింది. నీటి మరక దానికి బెత్తెడు పైన ఉంది.

పంచనామాకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ తొమ్మిదో శవాన్ని చూపించాడు.

"ఎవరితను?"

"పేరు తెల్వదు సారూ," అంది గోరీ. "నిన్న వానల మల్లొచ్చిండు. నా బిడ్డను కొమ్మకు అందిచ్చిండు. ఇంకో పిల్లకోసం మునిగిండు."

తూము చూసే నీరటి వీరస్వామి ముందుకు వచ్చాడు. చెరువు పని అతనిది, జీతం దొరది.

"నాకెరుక సార్. గీతలు గీసిన నాడు ముందుగాల నా కాడికే వచ్చిండు. పాత నీళ్లు ఎందాక వచ్చెనో అడిగిండు."

"ఏం పాత నీళ్లు?" అంది గోరీ.

వీరస్వామి పక్కన నిలబడ్డ భిక్షపతి వైపు చూశాడు.

"చెప్పొద్దన్నరు బిడ్డా."

"ఏ ఊరోడు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఈసారి వీరస్వామి ఎవరి వైపూ చూడలేదు. అతను చెప్పింది పంచనామాలో ఇలా ఉంది:

'పేరు ధర్మా. తండ్రి భద్రు. వయసు ముప్పై. సొంతూరు, ఇదే జాగాలో 1962లో కొట్టుకుపోయిన తండా. అందులో మిగిలింది ఇతనొక్కడే.'